గుంటూరులో మా ఫైబర్ నెట్ రివ్యూ: ఇంట్లో వెబ్ సర్వర్ పెట్టుకోవాలనుకునేవాళ్ల కోసం

బ్రాడీపేటలో మా ఇంట్లో ఏడాదికి పైగా వాడుతున్న ఫైబర్ కనెక్షన్ గురించీ, దాంతోపాటు ఆ కంపెనీవాళ్లే ఇచ్చిన రూటర్ గురించీ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. ఇప్పుడు చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్కళ్లతోనే వచ్చేది కాదు, ఇళ్లకి నెట్ ఇచ్చేవాళ్లలో చాలామంది ఇదే పద్ధతిలో ఇస్తున్నారు, పేరు చూసి "మాది అది కాదులే" అనుకుని ఎవరూ వదిలేయకూడదు.

ముందు మంచి చెప్పేస్తాను. 100 ఎంబీపీఎస్ ప్లాన్, డౌన్‌లోడ్ ఎంత వస్తుందో అప్‌లోడూ దాదాపు అంతే వస్తుంది, అది సర్వర్ పెట్టేవాళ్లకి చాలా పెద్ద విషయం. గాలివానకి స్తంభం మీద తీగ తెగితే ఫోన్ చేసిన రోజే లైన్ కుర్రాడు మెషిన్ పట్టుకుని వచ్చి అతికించి వెళ్లాడు. సినిమాలు, వీడియో కాల్స్, ఆఫీసు పని, దేనికీ ఇబ్బంది లేదు. ఇంతవరకే మీకు కావాలంటే ఐదుకి ఐదు ఇస్తాను, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

నాకు కావలసింది ఇంకొకటి. మా అక్క ఇంటర్ పిల్లలకి మ్యాథ్స్ చెప్తుంది, ఈఏపీసెట్ రాసేవాళ్లు తెనాలి నుంచీ మంగళగిరి నుంచీ కూడా వస్తారు. ఏళ్ల తరబడి తను చేత్తో రాసిన నోట్సు, ఒక్కో లెక్కకి తన గొంతుతో చెప్పిన వివరణ, అన్నీ కలిపి ఒక చిన్న సైట్‌గా చేసి ఇంట్లోనే రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ మీద, అడిగినవాళ్లకి సైట్ పేజీలు పంపే ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ ప్రోగ్రాం వేసి పెట్టాను. వీడియో సైట్లలో పెడితే లెక్క మధ్యలో యాడ్లు వస్తాయి, డ్రైవ్‌లో పెడితే ఒక హద్దు దాటాక నెలనెలా కట్టాలి, అన్నిటికంటే ముఖ్యం, అది అక్క కష్టం, అది మా ఇంట్లో మా పెట్టెలో ఉండాలి. ఇంట్లో వైఫై మీద ఏ ఫోన్లో చూసినా టక్కున తెరుచుకుంది. బయట నుంచి మాత్రం ఎవరికీ రాలేదు. "పిల్లలెవరికీ ఓపెన్ అవట్లేదంట్రా, గుండ్రంగా తిరుగుతూనే ఉందంట" అంది అక్క.

కస్టమర్ కేర్ సంగతి ముందే చెప్తాను, ఎందుకంటే ఈ సర్వీసులో అన్నిటికంటే బలహీనమైన భాగం అదే. ఫోన్ ఎత్తడానికి ఎక్కువసేపు పట్టదు, మర్యాదగా మాట్లాడతారు, కానీ "మీ నెట్ పనిచేస్తోంది కదా సార్" దగ్గరే ఆగిపోతారు. మనం బయటికి వెళ్లడం ఒకటి, బయటివాళ్లు మన దగ్గరికి రావడం ఇంకొకటి, ఈ తేడా వాళ్ల ముందున్న కాగితంలో లేదు. ఒకాయన "డీఎంజెడ్ ఆన్ చేసేయండి సార్, అన్నీ పనిచేస్తాయి" అన్నాడు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. డీఎంజెడ్ అనేది రూటర్‌లో ఒక సెట్టింగ్, అందులో ఒక మెషిన్‌ని పెడితే దానికి ఉన్న పోర్టులన్నీ, అంటే ఒక్కో పనికి ఒక్కో నంబర్ వేసిన తలుపులన్నీ, బయటి ప్రపంచానికి తెరిచినట్టే, వెబ్ సర్వర్‌కి కావలసింది ఒకటో రెండో. పైగా మా కేసులో అది చేసినా ఏమీ మారేది కాదు, ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది.

అసలు ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడానికి లోపలి నుంచి బయటికి ఒక్కో మెట్టూ చూసుకుంటూ వెళ్లాలి. మొదటిది సర్వర్. ఎన్‌జిన్‌ఎక్స్ 127.0.0.1 (మెషిన్ తనని తాను పిలుచుకునే అడ్రస్) మీద మాత్రమే వింటోందా, అన్ని అడ్రసుల మీదా వింటోందా అన్నది చూడాలి, మొదటిదైతే పక్క గదిలో ఉన్న ఫోన్‌కి కూడా రాదు. మాకు ఇంట్లో ఫోన్లకి వస్తోంది కాబట్టి అక్కడ గొడవ లేదు. రాస్ప్‌బెర్రీ పై మీద ఫైర్‌వాల్ (ఏది రావచ్చో, ఏది రాకూడదో చూసే కాపలా) వేసి ఉంటే అందులో వెబ్‌సైట్లు వాడే 80 (మామూలు), 443 (ఎన్‌క్రిప్ట్ చేసిన) పోర్టులకి అనుమతి ఉండాలి, అది కూడా ఇంటి అడ్రసులకి మాత్రమే ఇచ్చి ఊరుకున్నామా, అందరికీ ఇచ్చామా అని చూడాలి. తర్వాత ఆ రాస్ప్‌బెర్రీ పైకి ఇంటి లోపల ఒకే అడ్రస్ ఉండేలా రూటర్‌లో రిజర్వ్ చేసుకోవాలి. లేకపోతే ఇవాళ 192.168.1.50 ఉన్నది రేపు ఇంకో నంబర్ అవుతుంది, పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి ఒక పోర్ట్‌కి వచ్చినదాన్ని ఇంట్లో ఫలానా మెషిన్‌కి పంపమని రూటర్‌కి చెప్పడం) పాత నంబర్‌కే పోతూ ఉంటుంది.

రెండోది రూటర్. వెనక స్టిక్కర్ మీద ఉన్న యూజర్ లాగిన్‌తో వెళ్తే వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకోవడం, అంతకు మించి పెద్దగా ఏమీ కనపడదు. మా దాంట్లో పోర్ట్ ఫార్వార్డింగ్ ఉంది కానీ "వర్చువల్ సర్వర్" అనే పేరుతో "అప్లికేషన్" అనే మెనూలో ఎక్కడో అడుగున ఉంది. ఇంకో రూటర్‌లో ఇదే "నాట్" కింద ఉంటుంది, ఇంకోదాంట్లో "సెక్యూరిటీ" కింద. బయటి పోర్ట్ 443, లోపలి అడ్రస్, లోపలి పోర్ట్ 443, టీసీపీ, అంతే, సేవ్. సేవ్ అయింది. అయినా రాలేదు.

ఇక్కడ చాలామంది అనవసరంగా టైం పోగొట్టుకునే చోటు ఒకటుంది. ఇంట్లో వైఫై మీద కూర్చుని బయటి అడ్రస్ కొట్టి చూడకండి. మన ఇంట్లోంచి బయలుదేరిన రిక్వెస్ట్ బయటి అడ్రస్ తాకి తిరిగి మన ఇంట్లోకే రావాలంటే రూటర్‌కి నాట్ లూప్‌బ్యాక్ అనే సౌకర్యం ఉండాలి, కంపెనీలిచ్చే చాలా రూటర్లలో అది ఉండదు. అప్పుడు రూటర్ లాగిన్ పేజీ వస్తుంది, లేదా ఏమీ రాదు, బయటివాళ్లకి బాగానే వస్తున్నా మనకి రావట్లేదనిపిస్తుంది. ఫోన్లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చూస్తేనే నిజం తెలుస్తుంది.

అలా చూసినప్పుడు వచ్చే ఎర్రర్ కూడా జాగ్రత్తగా చదవాలి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే మన రిక్వెస్ట్ ఏదో ఒక మెషిన్‌ దాకా చేరింది, అక్కడ ఆ పోర్ట్ మీద వినేవాళ్లు లేరని అర్థం చేసుకోవచ్చు. అలా కాకుండా చాలాసేపు తిరిగి తిరిగి "టైమ్డ్ అవుట్" అంటే దారిలో ఎవరో దాన్ని చప్పుడు చేయకుండా పారేస్తున్నారు. మాకు రెండోది. రాస్ప్‌బెర్రీ పై మీద టీసీపీడంప్ (మెషిన్‌కి వచ్చిపోయే ప్యాకెట్లని, అంటే డేటా ముక్కల్ని, చూపించే ప్రోగ్రాం) నడుపుతూ అక్కని మొబైల్ డేటా మీద లింకు నొక్కమన్నాను. స్క్రీన్ మీద ఒక్క ప్యాకెట్ కూడా రాలేదు. అంటే సర్వర్ నిర్దోషి, ఎన్‌జిన్‌ఎక్స్ ఫైళ్లు తెరిచి గెలకాల్సిన పని లేదు. టీసీపీడంప్ నేర్చుకోవడానికి పట్టేది కొంచెంసేపే, అది చేసే మేలు చాలా ఎక్కువ, సర్వర్ పెట్టే ప్రతివాళ్లూ నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంక అసలు విషయం. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అని ఒకటి ఉంటుంది, అంటే కంపెనీ మన రూటర్‌కి ఇచ్చిన అడ్రస్. బ్రౌజర్లో "నా ఐపీ ఎంత" అని చూపించే సైట్ ఒకటి తెరిస్తే బయటి ప్రపంచానికి మనం ఏ అడ్రస్‌తో కనపడుతున్నామో తెలుస్తుంది. ఈ రెండూ ఒకటే అయి ఉండాలి. మాకు స్టేటస్ పేజీలో 100తో మొదలయ్యే నంబర్ ఉంది, బయట ఇంకేదో ఉంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులన్నీ 2012లో ప్రత్యేకంగా ఒక పనికే పక్కన పెట్టారు, ఆ పనిని సీజీనాట్ అంటారు. కంపెనీ తన దగ్గరున్న కాసిని అసలు అడ్రసుల్ని వందల ఇళ్లకి కలిపి పంచుతుంది. పెద్ద అపార్ట్‌మెంట్‌కి వీధి చిరునామా మాత్రమే ఉండి ఫ్లాట్ నంబర్లు లేకపోతే పోస్ట్‌మన్ ఉత్తరం ఎవరికివ్వాలి? లోపలివాళ్లు బయటికి ఎన్ని ఉత్తరాలైనా రాసుకోవచ్చు, జవాబులూ వస్తాయి, కొత్తగా బయటి నుంచి రాసినవాడి ఉత్తరం మాత్రం గేటు దగ్గరే ఆగిపోతుంది. మనం మన రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా, డీఎంజెడ్ పెట్టినా, అసలు గేటు కంపెనీ ఆఫీసులో ఉంది.

ఒక చిన్న జాగ్రత్త: టెయిల్‌స్కేల్ (మన పరికరాల మధ్య ప్రైవేట్ దారి వేసే యాప్) వాడేవాళ్ల కంప్యూటర్లలో కూడా ఇదే 100 వరస కనపడుతుంది, అది వేరే సంగతి. అందుకే కంప్యూటర్లో కాకుండా రూటర్ స్టేటస్ పేజీలోనే చూడండి. అక్కడ 10తో గానీ, 172.16 నుంచి 172.31 మధ్య గానీ, 192.168తో గానీ మొదలయ్యేది ఉన్నా పరిస్థితి ఇదే, అవన్నీ లోపలి అడ్రసులు.

కంపెనీలు ఇలా ఎందుకు చేస్తాయో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. ఐపీవీ4లో (ఇప్పటిదాకా చెప్పిన పాత రకం అడ్రసుల పద్ధతి) మొత్తం అడ్రసులు సుమారు 430 కోట్లు, అంతర్జాతీయంగా పంచిపెట్టే నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది, మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి మిగిలింది కూడా ఆ ఏప్రిల్ నుంచి రేషన్ మీదే ఇస్తున్నారు. కొత్తగా వచ్చిన కంపెనీకి ఇంటికో అడ్రస్ ఇవ్వమంటే ఎక్కడి నుంచి తెస్తుంది? నా అభ్యంతరం అది కాదు. కనెక్షన్ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితంలో గానీ, ప్లాన్ల పేజీలో గానీ, "ఈ ప్లాన్‌లో బయటి నుంచి మీ ఇంటికి రావడం కుదరదు" అన్న ఒక్క వాక్యం రాయొచ్చు కదా. సీసీ కెమెరా రికార్డర్ పెట్టుకుని ఊరెళ్లి ఫోన్లో చూసుకుందామనుకునేవాళ్లకి కూడా ఇదే దెబ్బ తగులుతుంది. క్లౌడ్ మీద నడిచే కెమెరాలైతే పర్వాలేదు, నేరుగా ఐపీ కొట్టి చూసే పాత రికార్డర్లు ఈ కనెక్షన్ మీద పనిచేయవు. కెమెరాలు బిగించేవాళ్లు వైర్లన్నీ లాగేశాక "మీ నెట్ సరిగా లేదండీ" అని చెప్పి వెళ్లిపోతారు.

స్టాటిక్ ఐపీ, అంటే మన ఒక్క ఇంటికే కేటాయించే మారని బయటి అడ్రస్, అడిగాను. ఇస్తారు, ప్లాన్ డబ్బులు కాకుండా ఏడాదికి విడిగా కట్టాలి. ఆ సంగతి కూడా కస్టమర్ కేర్‌లో ఎవరూ చెప్పలేదు, లైన్ పని మీద వచ్చిన కుర్రాడే చెప్పాడు: "సార్, పబ్లిక్ ఐపీ అని అడిగితే వాళ్లకి అర్థం కాదండీ, స్టాటిక్ అని అడగండి, ఆఫీసుకే ఫోన్ చేయండి." అలాగే అడిగితే రెండో మాట లేకుండా ఇచ్చారు. వాన్ ఐపీ, బయటి ఐపీ ఒకటే అయ్యాయి. ఇంక పనైపోయిందనుకుంటాం కదా, అవలేదు, అప్పటికీ టైమ్డ్ అవుటే.

ఈసారి మాత్రం నిజంగా అడ్డం పడింది రూటరే. సెక్యూరిటీ మెనూలో ఫైర్‌వాల్ లెవెల్ అని ఉంది, "హై"లో పెట్టి పంపారు. మా రూటర్‌లో హై ఉంటే పోర్ట్ ఫార్వార్డింగ్ రూల్ రాసుకున్నా సరే, బయటి నుంచి కొత్తగా వచ్చేదాన్ని పారేస్తుంది, అలా పారేస్తానని ఫార్వార్డింగ్ పేజీలో ఎక్కడా చెప్పదు. మీడియంకి మార్చగానే టీసీపీడంప్‌లో ప్యాకెట్లు కనపడ్డాయి, అక్క ఫోన్లో సైట్ తెరుచుకుంది, తెనాలి నుంచి ఒక పిల్ల మెసేజ్ పెట్టింది. ఆరోజు అక్క ముఖం చూస్తే కట్టిన డబ్బులకి బాధ అనిపించలేదు.

కానీ ఎండాకాలం గుంటూరులో కరెంటు సంగతి తెలిసిందే. కరెంటు పోయి వచ్చాక సైట్ మళ్లీ రావడం మానేసింది. రూటర్‌లో చూస్తే ఫైర్‌వాల్ మళ్లీ హై, ఫార్వార్డింగ్ రూల్ అసలు లేదు. మళ్లీ రాశాను, మళ్లీ కరెంటు పోయింది, రూల్ మళ్లీ పోయింది. కారణం మళ్లీ ఆ లైన్ కుర్రాడే చెప్పాడు, రూటర్ ఆన్ అవగానే కంపెనీ సర్వర్ నుంచి సెట్టింగులన్నీ మళ్లీ దిగుతాయట. టీఆర్-069 అనే పద్ధతి అది. కంపెనీవాళ్లు ఆఫీసులో కూర్చుని మన రూటర్‌ని సరిచేయడానికి పనికొస్తుంది, వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయిన పెద్దవాళ్లకి అదే దిక్కు, దాన్ని తీసేయమనడం లేదు. వినియోగదారుడు తన చేత్తో రాసుకున్న రూల్‌ని తుడిచేయకుండా వదిలేసేలా పెట్టడం వాళ్లకి పెద్ద పనేమీ కాదు, పెట్టలేదు, అందుకే ఈ రూటర్‌కి నేను ఐదుకి రెండు కంటే ఇవ్వలేను. వైఫై పర్వాలేదు, రెండు గదులు దాటితే పలచబడుతుంది, వేడి బాగా ఎక్కుతుంది కాబట్టి షోకేస్ లోపల పెట్టకండి.

పరిష్కారం బ్రిడ్జ్ మోడ్. అంటే కంపెనీ రూటర్ కాంతిని మామూలు లాన్ కేబుల్‌లోకి మార్చే పని వరకే చేస్తుంది, లాగిన్, ఫైర్‌వాల్, ఫార్వార్డింగ్, వైఫై అన్నీ మన సొంత రూటర్ చూసుకుంటుంది. దీనికి కంపెనీ లైన్‌లోకి లాగిన్ అవడానికి పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఆ లైన్‌లో నెట్ ఏ వరసలో వస్తుందో చెప్పే వీల్యాన్ నంబర్ కావాలి, ఆ మూడూ కంపెనీ దగ్గరే ఉంటాయి, మార్చే అధికారం ఉన్న అడ్మిన్ లాగిన్ కూడా వాళ్లదే. ఫోన్లో అడిగితే కుదరదన్నారు. ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా ఇస్తే ఆ లైన్ కుర్రాణ్ణి పంపించారు. సొంత రూటర్ నేను విజయవాడ గవర్నర్‌పేటలో కొన్నాను, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే మోడల్ ముందే చూసుకుని వెళ్లాను, ఒకే పేరుతో ఉన్న రూటర్‌లో కూడా వెర్షన్‌ని బట్టి లోపల చిప్ మారిపోతుంది కాబట్టి డబ్బా అడుగున వెర్షన్ నంబర్ చదివాకే డబ్బులివ్వండి. ఆ కుర్రాడు వచ్చి బ్రిడ్జ్ చేసి, సొంత రూటర్‌లో లాగిన్ అయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు. టీ కూడా తాగకుండా "ఇంకో రెండు ఇళ్లున్నాయండీ" అని వెళ్లిపోయాడు. ఈ సర్వీసులో పది మార్కులు ఇవ్వాల్సింది అలాంటి కుర్రాళ్లకి. ఎండలో నిచ్చెన మోసుకుంటూ తిరిగేవాళ్లకి తెలిసిన విషయం ఏసీ గదిలో ఫోన్ ఎత్తేవాళ్లకి ఎందుకు నేర్పించరో నాకు అర్థం కాదు.

బ్రిడ్జ్ చేయకుండా కంపెనీ రూటర్ వెనకాలే మన రూటర్ తగిలిస్తే ఏమవుతుందని కొంతమంది అడిగారు. రెండు చోట్లా ఫార్వార్డింగ్ రాయాలి, కరెంటు పోయినప్పుడల్లా మొదటిది తుడిచిపెట్టుకుపోతూనే ఉంటుంది, లాభం లేదు. ఇంకొకటి, కంపెనీ రూటర్‌కి ల్యాండ్‌లైన్ ఫోన్ తగిలించి ఉంటే బ్రిడ్జ్ చేశాక అది మోగుతుందా లేదా అని ముందే అడిగి తెలుసుకోండి.

అన్నీ అయ్యాక కూడా 80 పోర్ట్ రాదు. సొంత రూటర్‌లో చూసినా దానిమీద ప్యాకెట్ అన్నదే రాదు, 443 మీద మాత్రం బాగా వస్తుంది, అంటే 80ని కంపెనీవాళ్లే తమ వైపు ఆపేశారు. సైట్ నడవడానికి 443 చాలు, 443కి కావలసిన సర్టిఫికెట్ (సైట్ మాదేనని చూపే రుజువు) ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర దాన్ని తీసుకునేటప్పుడే చిక్కు వస్తుంది. మామూలు పద్ధతిలో వాళ్లు 80 పోర్ట్ మీదకే వచ్చి చూసుకుంటారు. దానికి బదులు డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ చెప్పే జాబితా) పద్ధతి పెట్టుకోవాలి, డొమైన్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డ్ పెట్టి ఇది మాదేనని చూపించడం, పోర్ట్ ఏదీ తెరవక్కర్లేదు. సర్టిఫికెట్ గడువు మహా అయితే 90 రోజులే కాబట్టి రెన్యువల్ దానంతట అదే జరిగేలా అప్పుడే పెట్టేసుకోండి.

డబ్బులు కట్టకుండా కుదరదా అంటే కుదురుతుంది. ఈ కనెక్షన్‌లో ఐపీవీ6 (అడ్రసులకి కొరత లేని కొత్త పద్ధతి) వస్తుంది, అందులో సీజీనాట్ గొడవ లేదు, ఇంట్లో ఒక్కో పరికరానికీ అసలు అడ్రసే ఉంటుంది. కానీ కంపెనీ రూటర్ బయటి నుంచి వచ్చే ఐపీవీ6ని మొత్తం ఆపుతుంది, ఆపడం సరైనదే, ఒక్క పోర్ట్‌కి అనుమతి ఇచ్చే పేజీ మాత్రం యూజర్ లాగిన్‌లో లేదు. సొంత రూటర్ ఉంటే అది ఇచ్చుకోవచ్చు, చూసేవాళ్ల దగ్గర కూడా ఐపీవీ6 ఉండాలి. ఇంకో దారి క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఇచ్చే టన్నెల్. మన సర్వరే బయటికి కనెక్షన్ చేసి పట్టుకుని ఉంటుంది, చూసేవాళ్లు క్లౌడ్‌ఫ్లేర్ దగ్గరికి వస్తే అది ఆ దారిలోనే లోపలికి పంపుతుంది, కాబట్టి సీజీనాట్ ఉన్నా, రూటర్ హైలో ఉన్నా, పోర్ట్ ఏదీ తెరవకపోయినా పనిచేస్తుంది. డొమైన్ ఒకటి సొంతంగా ఉండాలి. ఎన్‌క్రిప్షన్ మన ఇంటి దాకా కాకుండా మధ్యలో వాళ్ల దగ్గర విప్పుతారు, అది నాకు నచ్చలేదు, పిల్లల పేర్లు, మార్కులు కూడా ఆ సైట్‌లో ఉన్నాయి కాబట్టి వద్దనుకున్నాను. ఉట్టి నోట్సే అయితే పెట్టేసేవాణ్ణే. ఇంట్లోవాళ్లు మాత్రమే చూసుకునే ఫొటోలు, ఫైళ్లు అయితే టెయిల్‌స్కేల్ చాలు, ప్రతి ఫోన్లో యాప్ వేయాలి, అందుకే అక్క దగ్గర చదివే పిల్లలకి అది కుదరదు.

తెరిచినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పోర్ట్ తెరిచిన కాసేపటికే లాగ్‌లో ఎక్కడెక్కడి నుంచో వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) లాగిన్ పేజీ కోసం వెతుకులాట మొదలైంది, మా సైట్‌లో వర్డ్‌ప్రెస్సే లేదు. అది మన మీద కక్షతో చేసేది కాదు, అడ్రసులన్నీ వరసగా తట్టుకుంటూ పోయే ప్రోగ్రాములు. కాబట్టి కావలసిన పోర్ట్ ఒక్కటే తెరవండి, యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే రూటర్‌లో పోర్టులు తెరుచుకునే సౌకర్యం) ఆపేయండి, ఎస్ఎస్‌హెచ్‌ని (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) బయటికి పెట్టకండి, పెట్టక తప్పకపోతే పాస్‌వర్డ్ తీసేసి కీతోనే (మన కంప్యూటర్లో ఉండే తాళంచెవి లాంటి ఫైల్) రానివ్వండి. రాస్ప్‌బెర్రీ పైకి అప్‌డేట్లు ఆపకండి.

మొత్తంగా లైన్‌కి ఐదు, రూటర్‌కి రెండు, ఫోన్లో ఇచ్చే సమాచారానికి ఒకటి. గుంటూరులో గానీ విజయవాడలో గానీ కొత్తగా కనెక్షన్ తీసుకుంటూ ఇంట్లో సర్వర్ గానీ, పాత రకం కెమెరా రికార్డర్ గానీ పెట్టే ఆలోచన ఉంటే, డబ్బులు కట్టకముందే స్టాటిక్ ఐపీ ఇస్తారా, ఏడాదికి ఎంత, బ్రిడ్జ్ మోడ్ చేస్తారా, కంపెనీ వైపు ఏ పోర్టులు ఆపారు అని ఆఫీసుకి వెళ్లి అడగండి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఇప్పటికే తీసుకున్నవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. మా దాంట్లో ప్లాన్ గడువు వేరు, స్టాటిక్ ఐపీ గడువు వేరు. ప్లాన్‌కి మెసేజ్ వస్తుంది, ఐపీకి రాదు. గడువు దాటితే ఆ నంబర్ వెనక్కి తీసుకుని మళ్లీ 100 వరసలోకి పడేస్తారు, తిరిగి కట్టినా పాత నంబరే ఇస్తామన్న హామీ లేదు, అప్పుడు డొమైన్ రికార్డ్ మార్చుకోవాలి. తేదీ ఫోన్ క్యాలెండర్‌లో వారం ముందుగా పెట్టుకోండి.